ఆ ఆశ్రమానికి లక్షన్నర ఇవ్వొచ్చా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి సంవత్సరీకానికి లక్షన్నర రూపాయలు విశాఖలో మధురవాడ వైపున్న ఒక పిల్లల ఆశ్రమానికి ఇద్దామనుకుంటున్నారు. ముందు వాళ్లే ఫోన్ చేశారు. 80జీ (విరాళానికి పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉందన్నారు, సర్టిఫికెట్ ఫొటో వాట్సాప్‌లో పంపారు, గూగుల్‌లో రేటింగ్ కూడా బాగుంది. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య సగం వేస్తానన్నారు. నమ్మొచ్చా, నమ్మే ముందు ఏం చూడాలి అని.

సూటిగా చెప్తాను: లక్షన్నర ఒకేసారి ఇవ్వకండి. ముందు ఐదు వేలు, అదీ సంస్థ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకి పంపండి. రసీదు ఏ పేరుతో, ఎన్నాళ్లకి వస్తుందో చూడండి. చెప్పకుండా ఒకసారి వెళ్లి రండి. పోయినేడాది ఆడిట్ లెక్కలు అడగండి. ఈ మూడూ సవ్యంగా ఉంటే మిగతాది ఇవ్వండి. సంవత్సరీకానికి అంత టైం లేదంటారా, ఆ రోజుకి ఒక పూట భోజనం పెట్టించండి. పెద్ద మొత్తం మూడు నెలలు ఆగి ఇచ్చినా ఆ పుణ్యం నాన్నగారి పేరు మీదే ఉంటుంది.

నేను సీఏని (చార్టర్డ్ అకౌంటెంట్‌ని) కాదు. ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. గాజువాక నుంచి భీమిలి దాకా చిన్నాపెద్దా ట్రస్టులు, సొసైటీల ఫైళ్లు నా టేబుల్ మీదకే వస్తాయి. సార్ బ్యాలెన్స్ షీట్ మీద సంతకం పెడతారు, ఆ అంకెల వెనక ఓచర్ల కట్టలు విప్పేది నేను. కొత్త ఆదాయపన్ను చట్టంతో సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి గానీ జనం నోట ఇంకా పాత నంబర్లే ఉన్నాయి కాబట్టి నేనూ అవే వాడుతున్నాను.

ముందు కాగితాల సంగతి. ఫొటోలో ఉన్న సర్టిఫికెట్ అందం చూడకండి, అందులో పాన్ నంబర్ ఒక్కటి రాసుకోండి. పాన్‌లో నాలుగో అక్షరం ఎవరిదో చెప్పేస్తుంది. టీ అయితే ట్రస్టు, సీ అయితే కంపెనీ, ఏ అయితే వ్యక్తుల సంఘం (చాలా సొసైటీలకి ఇదే ఉంటుంది). పీ అయితే మాత్రం ఒక మనిషి సొంత పాన్. ఆశ్రమం రసీదు మీద పీ ఉన్న పాన్ కనబడితే అక్కడితో ఆగిపోవచ్చు. 2021 తర్వాత ఇచ్చిన 80జీ నంబర్లు కూడా సంస్థ పాన్‌తోనే మొదలవుతాయి. మొదటి పది అక్షరాలు పాన్‌తో కలవకపోతే అది ఇంకెవరిదో సర్టిఫికెట్ అయ్యుండొచ్చు.

తేదీ కూడా చూడండి. ఒకప్పుడు 80జీ ఒకసారి వస్తే అలా ఉండిపోయేది. 2021లో రూల్స్ మారాక పాత సంస్థలన్నీ మళ్లీ నమోదు చేసుకోవాల్సి వచ్చింది. కొత్తవాళ్లకి ముందు మూడేళ్లకి తాత్కాలికంగా, తర్వాత ఐదేళ్లకి ఇస్తున్నారు. "మాది పర్మనెంట్ అండి, 2010 నాటిది" అని ఎవరైనా లామినేషన్ చేసిన కాగితం చూపిస్తే, మోసం అని అనను, కానీ వాళ్ల ఫైళ్లు ఎవరూ చూసుకోవట్లేదని అర్థం.

నీతి ఆయోగ్ దర్పణ్ నంబర్ గురించి గొప్పగా చెప్తారు. అది సంస్థ తన గురించి తానే నింపుకునే వివరాల పట్టిక. ప్రభుత్వం మెచ్చి ఇచ్చిన బిరుదు కాదు. అయినా ఒకందుకు చూడండి, అక్కడ కార్యవర్గం పేర్లు ఉంటాయి. మన రాష్ట్రంలో సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురిలో అయిదుగురిది ఒకే ఇంటిపేరు అయితే, అక్కడ ఖర్చు గురించి భర్తని భార్య, బావని బావమరిది అడగాలన్నమాట. అడుగుతారా?

మీరు ఇవ్వాలనుకున్నది పిల్లల ఆశ్రమం కాబట్టి 80జీ కన్నా ముందు అడగాల్సిన కాగితం ఇంకొకటుంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అనాథ పిల్లల్ని ఉంచే ప్రతి సంస్థా నమోదు కావాలి. ప్రభుత్వ గ్రాంటు తీసుకున్నా తీసుకోకపోయినా తప్పదు. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు గానీ లక్షకి తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ప్రతి బిడ్డా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీదే అక్కడ ఉండాలి. కాగితం చూపించమంటే "ప్రాసెస్‌లో ఉందండి" అన్నారనుకోండి, ఎప్పటి నుంచి అని అడగండి. ఒక చోట ఆ ప్రాసెస్ ఆరేళ్లుగా నడుస్తోంది.

అనాథలు అని చెప్పే పిల్లలందరూ అనాథలు కారు, ఇదీ తెలుసుకోండి. పాడేరు, అరకు వైపు ఊళ్ల నుంచి చదువు చెప్పిస్తామని తీసుకొచ్చిన పిల్లల్ని దాతల ముందు అమ్మానాన్న లేనివాళ్లుగా నిలబెట్టిన చోటు నాకు తెలుసు. సంక్రాంతి సెలవులకి హాస్టల్ మొత్తం ఖాళీ! ఖర్చుల పుస్తకంలో ఆ పది రోజులూ బియ్యం ఖర్చు లేదు. అడిగితే "ఇళ్లకెళ్లారు సార్" అన్నాడు వార్డెన్, అమాయకంగా.

ఇంతా చూసి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయనుకోండి. దాంతో ఆ సంస్థ ఉందని తెలిసింది, అంతే. నేను చూసిన దొంగ లెక్కల్లో ఎక్కువ భాగం కాగితాలు పక్కాగా ఉన్న చోటే చూశాను. కాగితాలు ఎలా పుట్టించాలో వాళ్లకి బాగా తెలుసు మరి.

ఇక బిల్లుల సంగతి. ఒక సంస్థ ఫైల్లో నెలనెలా కిరాణా బిల్లులు ఉన్నాయి. బియ్యం ఇరవై అయిదు కేజీల బస్తాలు పన్నెండు, కందిపప్పు, నూనె డబ్బాలు. మొత్తాలు నమ్మేలాగే ఉన్నాయి. కట్ట విప్పి వరసగా పేర్చుకుంటూ పోతుంటే చెయ్యి ఆగిపోయింది. జూన్ బిల్లు నంబర్ 41. జులై బిల్లు 42. ఆగస్టుది 43. మూడు నెలల్లో ఆ కొట్టుకి ఈ ఆశ్రమం తప్ప ఇంకో గిరాకీ రాలేదా? సాయంత్రం బండి వేసుకుని ఆ అడ్రస్‌కి వెళ్లాను. గోపాలపట్నంలో అక్కడ కొట్టు లేదు, షట్టర్ వేసిన సెల్‌ఫోన్ రిపేర్ షాపు ఉంది. ఆ ఏడాది సార్ సంతకం పెట్టలేదు, వాళ్లు వేరే ఆడిటర్ని వెతుక్కున్నారు. నాకు తెలిసి ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

మీకు బిల్లులు చూపించరు, అది సహజం. ఆడిట్ రిపోర్టు మాత్రం అడగొచ్చు, మంచి సంస్థలు మొహమాటం లేకుండా ఇస్తాయి. అందులో సీఏ సంతకం కింద యూడిన్ అనే పద్దెనిమిది అక్షరాల నంబర్ ఉండాలి. 2019 జులై నుంచి ఆడిట్ రిపోర్టులన్నిటికీ అది తప్పనిసరి. సీఏల ఇన్‌స్టిట్యూట్ వాళ్ల యూడిన్ పోర్టల్‌లో ఎవరైనా ఆ నంబర్ కొట్టి చూసుకోవచ్చు. నంబర్ లేకపోయినా, కొడితే ఏమీ రాకపోయినా ఆ రిపోర్టు చిత్తు కాగితమే.

రిపోర్టు చేతికొచ్చాక అన్నీ చదవక్కర్లేదు. నేనైతే మూడు చోట్ల చూస్తాను. ఒకటి, మార్చి 31 నాటికి చేతిలో ఉన్న నగదు. పిల్లల ఆశ్రమంలో పదో ఇరవయ్యో వేలుంటే సరే, ఎనిమిది లక్షలు నగదుగా చేతిలో ఉందని రాస్తే ఆ డబ్బు అక్కడ ఉండదు. రెండు, అద్దె. ఎవరికి కడుతున్నారు? ఒక చోట దాతల డబ్బుతో పైఅంతస్తు వేశారు, ఆ స్థలం మాత్రం వ్యవస్థాపకుడి భార్య పేరున ఉంది, నెలనెలా ఆవిడకే అద్దె వెళ్తోంది. మీరు గది కట్టించి పాలరాయి మీద నాన్నగారి పేరు వేయిస్తే, గది వాళ్లది, రాయి మీది. మూడు, జీతాలు.

జీతాల దగ్గర మన జనం తప్పుగా ఆలోచిస్తారు, కొంచెం ఆగి చెప్తాను. "మీరిచ్చే ప్రతి రూపాయీ పిల్లలకే" అని బోర్డు పెట్టే చోట నాకు భయం. వంటమనిషికి ఎవరిస్తున్నారు? రాత్రి కాపలా ఎవరు? పిల్లకి జ్వరమొస్తే కేజీహెచ్‌కి (ఇక్కడి పెద్దాసుపత్రికి) తీసుకెళ్లి ఓపీ క్యూలో నిలబడే మనిషికి జీతం ఉండదా? జీతాలు సున్నా అని చూపించే చోట రెండే జరుగుతాయి: పెద్ద పిల్లలే వంట చేస్తుంటారు, లేదా జీతాలు కిరాణా పద్దులో దాక్కుంటాయి. ఆడపిల్లలున్న హాస్టల్లో మంచి వార్డెన్‌కి పద్దెనిమిది వేలు ఇస్తున్నామని ధైర్యంగా రాసిన సంస్థ నాకు ఎక్కువ నచ్చుతుంది.

చూడ్డానికి వెళ్తే పగలు వెళ్లకండి, రాత్రి భోజనం వేళకి వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం ప్రతి ఆశ్రమమూ బాగుంటుంది. బర్త్‌డే కేకులు, బిర్యానీ, పాటలు. మామూలు మంగళవారం ఏడున్నరకి వెళ్లండి. గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టండి. అరవై మంది పిల్లలు అన్న చోట చెప్పుల జతలు పాతిక ఉంటే మిగతావాళ్లు ఎక్కడ? తర్వాత పళ్లాలు, బకెట్లు, ఆరేసిన బట్టలు. ఒక చోట అరవై మందని రాసి ముప్పై స్టీలు పళ్లాలు మాత్రమే కనిపించాయి. రెండు విడతలుగా తింటారన్నారు. కూర్చుని చూశాను, రెండో విడత రాలేదు.

పిల్లల్ని మీ పక్కన నిలబెట్టి ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెడతామంటే వద్దనండి. పిల్లల మొహాలు అలా బయట పెట్టకూడదని తెలిసిన సంస్థ ఆ మాట తనే ముందు చెబుతుంది. పిల్లల గదుల్లోకి నేరుగా రానిచ్చినా నాకు అనుమానమే. ఆడపిల్లల హాస్టల్లోకి ముక్కూ మొహం తెలియని నన్ను, దాతనని చెప్పగానే మంచాల దాకా తీసుకెళ్లిన చోటుకి నేను మళ్లీ వెళ్లలేదు. వంటిల్లు చూపించి, ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, "పిల్లలు హోంవర్క్ చేసుకుంటున్నారండి, డిస్టర్బ్ చేయొద్దు" అన్నారనుకోండి, మీకు కాస్త చిన్నతనంగా అనిపించొచ్చు. కానీ అలా అనేవాళ్లే మంచివాళ్లు.

భోజనాల గురించి ఒక మాట. "ఒక పూట భోజనం ఇంత" అని రేటు కార్డు ఉంటుంది. ఒక రసీదు పుస్తకంలో ఒకే ఆదివారం మధ్యాహ్న భోజనానికి నాలుగు రసీదులు చూశాను. నలుగురు దాతలు, నాలుగు పెళ్లిరోజులు, వంట ఒకటే. ఒక్కొక్కరికీ వేరే వేరే ఫొటో పంపారు. ఇది దొంగతనం కాదు, మిగిలిన డబ్బు వేరే రోజుల భోజనాలకే వెళ్లిందని వాళ్ల వాదన. అయ్యుండొచ్చు. అలాగని ముందే చెప్పొచ్చు కదా?

రసీదు విషయంలో పట్టుబట్టండి. రెండు వేలు దాటి నగదు ఇస్తే మీకెలాగూ 80జీ రాదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే వచ్చే పేరు సంస్థదా, ఏ రావుగారిదో చూసుకోండి. మీ పాన్ ఇవ్వండి. ఆ ఆర్థిక సంవత్సరం అయ్యాక వచ్చే మే 31 లోపు వాళ్లు దాతల జాబితాని పన్ను శాఖకి ఫారం 10బీడీగా ఇచ్చి, మీకు ఫారం 10బీఈ సర్టిఫికెట్ పంపాలి. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే 80జీ మినహాయింపు మీకు రాదు, పాత విధానంలో ఉన్నా ఇలాంటి సంస్థలకి ఇచ్చిన దాంట్లో సగానికే, అదీ ఒక పరిమితిలో వస్తుంది. అయినా 10బీఈ అడగండి. మీ డబ్బు పుస్తకాల్లోకి ఎక్కిందని మీ చేతికొచ్చే గట్టి రుజువు అదొక్కటే. ఊరికే ప్రింటు చేసిన రసీదు ఎవరైనా ఇస్తారు.

ఈ పాఠం నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను, అదీ పక్కవాళ్ల డబ్బు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. వారం తర్వాత కూడా మా వీధిలో చెట్లు అడ్డంగానే ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ తిరిగి అరవై నాలుగు వేలు పోగుచేశాను. మత్స్యకారుల ఇళ్లకి టార్పాలిన్లు ఇస్తున్నామని ఒక సంస్థ కుర్రాళ్లు వచ్చారు, ఒకే రంగు టీషర్టులు, మంచి మాట. నగదు ఇచ్చేశాను. రసీదు మీద నంబర్ లేదు, నేను చూడలేదు! లెక్కలు రాసేవాణ్ణయ్యుండి నేనే చూడలేదు. డిసెంబర్‌లో ఫోన్ చేసి ఎన్ని టార్పాలిన్లు, ఏ పేట అని అడిగితే "తుపాన్‌లో లెక్కలెవరు రాస్తారండీ, మమ్మల్నే అనుమానిస్తారా" అని అవతలివాడు నా మీదే లేచాడు. మూడో అంతస్తు మామ్మగారు లిఫ్ట్‌లో కనబడినప్పుడల్లా "ఆ టార్పాలిన్ పట్టాలు ఇచ్చారా బాబూ" అని అడిగేవారు. ఇచ్చారనే చెప్పాను.

అందుకే నేను చూసే పెద్ద గుర్తు ఇదీ: ప్రశ్న అడిగినప్పుడు వాళ్లకి కోపమొస్తుందా, పుస్తకం తీస్తారా. "సేవ చేసేవాళ్లని లెక్కలడుగుతారా" అన్న మాట వినిపిస్తే లేచి వచ్చేయండి. ఇంకో ప్రశ్న కూడా పనికొస్తుంది: "పోయినేడాది మీరు అనుకుని చేయలేకపోయిందేమిటి?" నిజంగా పని చేసేవాళ్లకి ఇది వెంటనే వస్తుంది. ఇద్దరు టెన్త్ తప్పారు, బోరు ఎండిపోయింది, వార్డెన్ మానేసింది. అంతా బ్రహ్మాండంగా ఉందనేవాళ్లు వీడియో చూపిస్తారు.

ఇక దీనికి వ్యతిరేకంగా ఒకటి చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. కేజీహెచ్ దగ్గర రోగులతో వచ్చినవాళ్లకి రోజూ పొద్దున్నే ఇడ్లీలు పంచే చిన్న గుంపు ఒకటి ఉండేది. రిటైరైన నలుగురు, ఒక ఆటో. రిజిస్ట్రేషన్ లేదు, 80జీ లేదు, వెబ్‌సైట్ మాటే లేదు. మా బంధువు ఒకాయన వాళ్లకి డబ్బిస్తానంటే నేనే వద్దన్నాను, కాగితాల్లేవని. తర్వాత ఒకసారి ఆ ఆటో దగ్గర నిలబడ్డాను. డ్రైవర్ సీటు వెనక జేబులో రెండు వందల పేజీల నోట్‌బుక్. రవ్వ ఎన్ని కేజీలు, మినప్పప్పు ఎంత, గ్యాస్ సిలిండర్ ఏ తేదీన మార్చారు, ఎవరు ఎంతిచ్చారు, చివర్లో "మిగిలిన ఇడ్లీలు 14, సెక్యూరిటీ వాళ్లకి". నేను ఆడిట్ చేసిన ఏ సంస్థలోనూ మిగిలిన ఇడ్లీల లెక్క చూడలేదు. చిన్న మొత్తాలు, కళ్లముందు ఖర్చయ్యేవైతే కాగితాల కోసం పట్టుబట్టకండి. లక్షన్నర అయితే పట్టుబట్టండి.

ఫోన్ చేసి "బాబుకి ఆపరేషన్, రేపటిలోగా కట్టాలి" అనేవాళ్ల విషయం మీరడగలేదు, కానీ మీ నంబర్ ఇప్పుడు వాళ్ల జాబితాలో ఉంది కాబట్టి ఆ ఫోన్లూ వస్తాయి. ఆస్పత్రి పేరు, ఐపీ నంబర్ (రోగిని చేర్చుకున్నప్పుడు ఇచ్చేది) అడిగి, ఆస్పత్రి నంబర్ మీరే వెతికి బిల్లింగ్ వాళ్లతో మాట్లాడండి. ఇస్తే ఆస్పత్రి ఖాతాకే కట్టండి. ప్రభుత్వ ఉచిత వైద్యం పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఎందుకు కుదరలేదో కూడా అడగండి. ఫోన్ చేసే అమ్మాయిల మీద అరవకండి, పాపం చాలా చోట్ల వాళ్లు కమిషన్ మీద పనిచేసేవాళ్లే.

మీ అన్నయ్య గారి వాటా. ఆయనకి ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉండి, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నారా, అప్పుడు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చేది) ఉన్నా అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు కూడా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో వాళ్లకున్న ప్రత్యేక ఖాతాకే వెళ్లాలి. 2020 సవరణ తర్వాత దేశం మొత్తానికీ అదొక్కటే బ్రాంచి. "అదంతా ఎందుకండీ, అన్నయ్యగారిని మీ ఖాతాలో వేయమనండి, మీరు మాకు వేయండి" అన్నారనుకోండి. చిన్న సలహాలాగే ఉంటుంది. డబ్బుని అడ్డదారిలో తెమ్మని దాతకే నేర్పేవాళ్లు, దాన్ని ఖర్చుపెట్టేటప్పుడు ఏ దారిలో వెళ్తారో మీరే ఆలోచించుకోండి.

రేపు వాళ్లకి ఫోన్ చేసి ముందు సంవత్సరీకం తేదీ చెప్పి, ఆ మధ్యాహ్నం భోజనం మాది పెట్టుకుంటారా అని అడగండి, డబ్బు మాట తర్వాత. "తప్పకుండా అండి, ఎంత వేస్తారు" అంటే అప్పుడు ఆ పూటకి ఇంకెవరైనా ఇచ్చారా అని అడగండి. అలా కాకుండా ఎవరో పుస్తకం తిరగేస్తున్న చప్పుడు వినిపించి, "ఆ మధ్యాహ్నం వేరేవాళ్లది ఉందమ్మా, రాత్రికి ఖాళీ ఉంది" అన్నారనుకోండి, రాత్రికే ఒప్పుకోండి. ఎలాగూ ఏడున్నరకి వెళ్లమన్నాను కదా.